సెన్సార్ కొత్తది, లైటు పాతదే

ప్రశ్న: మేస్త్రీగారూ, నాది 2019లో కొన్న చిన్న కారు. ముందు ఎడమ చక్రం బేరింగు గుయ్యిమంటుంటే మా ఊళ్లోనే మార్పించాను. మర్నాటి నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు) లైటు పట్టుకుంది. తాళం తిప్పగానే వెలిగి ఆరిపోతుంది, బండి వీధి మలుపు దాటేసరికి మళ్లీ వస్తుంది. భీమవరంలో ఒక షెడ్డులో స్కానర్ పెట్టి ‘ముందు ఎడమ సెన్సార్’ అని చూపించి కొత్త సెన్సార్ వేశారు. లైటు పోలేదు. ఇంకోచోటికి తీసుకెళ్తే ఏబీఎస్ యూనిట్టే పోయింది, 45 వేలు అవుతుందన్నారు. వేయించమంటారా?
– ఒక రొయ్యల రైతు, ఆకివీడు

జవాబు: వద్దు. ఆ 45 వేలు చెరువులో మేతకు ఉంచుకోండి. బేరింగు మార్చిన మర్నాడే లైటు వచ్చిందని మీరే రాశారు. రెండు షెడ్లలోనూ ఆ మాట ఎవరూ అడిగినట్టు లేదు. స్కానర్ చేతికొచ్చాక బండి యజమానిని నాలుగు ప్రశ్నలు అడగడం మా వాళ్లలో చాలామంది మానేశారు.

నా అనుమానం, మీ బేరింగును తిరగేసి కొట్టారు.

ఈ తరం కార్లలో చాలావాటికి బేరింగుకు రెండు వైపులా సీలు ఉంటుంది. చూడ్డానికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. కానీ ఒక వైపు సీలు మీద సన్నని అయస్కాంతపు పట్టీ ఉంటుంది. ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని చుట్టూ ధ్రువాలు వరసగా ఉంటాయి. ఏబీఎస్ సెన్సార్ ఆ పట్టీకి ఎదురుగా కూర్చుని, చక్రం తిరుగుతున్నప్పుడు దాటిపోయే ధ్రువాలను లెక్కపెడుతుంది. పట్టీ సెన్సార్ వైపు కాకుండా అవతలి వైపుకు పోయిందనుకోండి, బేరింగు బేరింగుగా బాగానే పనిచేస్తుంది. చప్పుడు రాదు, ఊగదు, బిగించినవాడికి ఏ అనుమానమూ రాదు. సెన్సార్‌కు మాత్రం లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. కొత్త సెన్సార్ వేసినా దానికీ అదే గతి.

లైటు కదిలాకే రావడం కూడా ఇదే చెబుతోంది. తాళం తిప్పగానే కంట్రోల్ యూనిట్ నాలుగు సెన్సార్ల వైర్లనూ కరెంటుతో పరీక్షిస్తుంది. వైరు తెగినా, సెన్సార్ లోపల కాలిపోయినా మామూలుగా అక్కడే దొరికిపోతుంది, లైటు అసలు ఆరదు. మీ కారులో ఆరుతోంది కాబట్టి వైరు, సెన్సార్ బాగానే ఉన్నాయని యూనిట్ ఒప్పుకున్నట్టే. బండి కదిలాక మూడు చక్రాలు గంటకు 15 కిలోమీటర్లు అంటుంటే ఒకటి సున్నా అంటోంది. అప్పుడు లైటు వేస్తోంది. ఆ పని చేసింది మీరు మార్చమని అడుగుతున్న యూనిట్టే. లెక్కలు పోల్చి తేడా పట్టుకున్న యూనిట్‌ను చెడిపోయిందని ఎలా అంటాం?

కోడు విషయం కూడా చెప్పాలి. స్కానర్‌లో ‘ముందు ఎడమ చక్రం వేగం సెన్సార్’ అని వస్తే సెన్సార్ మార్చమని కాదు అర్థం. ఆ చక్రం నుంచి వేగం అందడం లేదని మాత్రమే. ఆ దారిలో సెన్సార్, దాని ఎదుట ఉండే పట్టీ, కనెక్టర్, వైరు, యూనిట్ లోపలి సర్క్యూట్ అన్నీ ఉన్నాయి. కోడు ఊరి పేరు చెప్పింది, ఇల్లు మనమే వెతుక్కోవాలి.

బేరింగు ఊడదీయకుండానే ఒక పరీక్ష చేయొచ్చు. బాగా పనిచేస్తున్న ముందు కుడి చక్రం దగ్గర మొదలుపెట్టండి. చక్రం విప్పి, సెన్సార్ బోల్టు తీసి, సెన్సార్‌ను మెల్లగా బయటికి లాగండి. చిన్న గుండుసూదిని దారానికి గట్టిగా కట్టి ఆ రంధ్రంలోకి దింపండి. అయస్కాంతపు పట్టీ ఉంటే సూది దానికి అతుక్కుంటుంది, దారం లాగితే చిన్న పట్టు తెలుస్తుంది. తర్వాత ఎడమ వైపు అదే సూదితో అదే పని చేయండి. అక్కడ పట్టు తెలియకపోతే బేరింగు తిరగబడ్డట్టే. సూది ఎంచుకోవడంలో ఒక జాగ్రత్త: కుట్టుమిషన్ డబ్బాలో అయస్కాంతానికి అంటించి పెట్టిన సూది వాడొద్దు. దానికే అయస్కాంతం పట్టి ఉంటుంది, ఏ ఇనుముకైనా అతుక్కుని మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. పట్టీని చూపించే పలచటి కార్డు కూడా దొరుకుతుంది, దాన్ని సీలు మీద పెడితే గీతలు గీతలుగా కనిపిస్తాయి. మీ మెకానిక్ దగ్గర అది ఉంటే సూది అక్కర్లేదు.

ఓమ్ మీటర్‌తో సెన్సార్ చూస్తామని ఎవరైనా అంటే వద్దనండి. పాత కార్లలో సెన్సార్ ఉట్టి తీగచుట్ట, ఓమ్‌లు కొలిస్తే అర్థం ఉండేది. మీ కారు కాలం నాటివి దాదాపు అన్నీ లోపల సర్క్యూట్ ఉన్న రెండు వైర్ల సెన్సార్లు. యూనిట్ నుంచి కరెంటు తీసుకుని, 7 మిల్లీ ఆంపియర్లు, 14 మిల్లీ ఆంపియర్లు అని మారుస్తూ సంకేతం పంపుతాయి. ఓమ్‌లు చూసి దీన్ని బాగుందనీ చెప్పలేం, పోయిందనీ చెప్పలేం. స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి, నాలుగు చక్రాల వేగం పక్కపక్కన పెట్టుకుని ఖాళీ రోడ్డు మీద తిన్నగా నడిపితే చాలు. ఒకరు నడపాలి, ఒకరు చూడాలి. ఒక్కరే రెండూ చేయొద్దు.

తిరగబడిందని తేలితే ఒక చేదు మాట కూడా వినాలి. నకిల్‌లోంచి (బేరింగు కూర్చునే ఇనుప దిమ్మ) ప్రెస్సింగ్ మిషన్ మీద నెట్టి తీసిన బేరింగును తిప్పి మళ్లీ వేయకూడదు. తీసేటప్పుడు ఆ ఒత్తిడి గుండ్ల మీద పడి లోపల దెబ్బ తింటుంది. కొత్తది కొనాల్సిందే. పట్టీ ఉన్న వైపు ఏదో ప్యాకెట్‌లో ఉండగానే చూసి మార్కు పెట్టించండి. ఆ వైపు సుత్తి తగలకూడదు, ఇనుప రజను ఉన్న బల్ల మీద బోర్లించకూడదు. హబ్ నట్టు కూడా కొత్తది వేసి, కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగుతుకే) బిగించమనండి. ఇదంతా కలిపినా 45 వేలలో చిన్న ముక్క అవుతుంది.

సూది రెండు వైపులా ఒకేలా పట్టిందా? అప్పుడు కొత్త సెన్సార్ మీ మోడల్‌దేనా, అడుగు దాకా కూర్చుందా, బేరింగు పనిలో వైరు లాగబడి కనెక్టర్‌లో పిన్ను వెనక్కి పోయిందా చూడాలి. యూనిట్ మీదకు అన్నిటికన్నా చివర వెళ్లాలి. నిజంగా యూనిట్ పోతే మోటారు కోడో, వాల్వు కోడో వస్తుంది, లేదంటే స్కానర్‌కు యూనిట్ అసలు పలకదు.

ప్రశ్న: మా 2009 సెడాన్‌లో ఏ లైటూ రాదు. కానీ ట్రాఫిక్‌లో మెల్లగా ఆగుతున్నప్పుడు, పొడి రోడ్డు మీద కూడా, చివరి క్షణంలో బ్రేకు పెడల్ కాలి కింద గడగడా కొట్టుకుంటుంది, బండి ఒక అడుగు ముందుకు జారుతుంది. మెకానిక్ ఏబీఎస్ ఫ్యూజు తీసేశాడు. ఇప్పుడు గడగడ లేదు, లైటు మాత్రం ఎప్పుడూ వెలుగుతోంది. ఇలా వదిలేయొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఫ్యూజు తీసి చూడటం మంచి పరీక్షే. గడగడ ఆగింది కాబట్టి డిస్కుల వంకర కాదు, ఏబీఎస్ అనవసరంగా పనిచేస్తోందని తేలింది. అయితే మీ మెకానిక్ పరీక్షనే రిపేరు అనుకున్నాడు. ఫ్యూజు వెనక్కి పెట్టించండి. అది లేకపోతే ఏబీఎస్ ఒక్కటే కాదు, ముందు వెనక చక్రాలకు బ్రేకును పంచే ఏర్పాటు కూడా చాలా కార్లలో పోతుంది. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి అడ్డం తిరగొచ్చు.

మీ కారు కాలంలో తీగచుట్ట సెన్సార్లు ఎక్కువ. వాటి ఎదుట యాక్సిల్ మీదో హబ్ మీదో పళ్ల రింగు తిరుగుతుంది. పళ్లు దాటుతుంటే సెన్సార్‌లో చిన్న ఏసీ వోల్టేజి పుడుతుంది. వేగం తగ్గేకొద్దీ ఆ వోల్టేజి కూడా తగ్గుతుంది. తుప్పు పట్టి సెన్సార్ రవ్వంత పైకి లేచినా, రింగు చిట్లినా, గంటకు పది కిలోమీటర్ల లోపు ఆ చక్రం సంకేతం మిగతా మూడింటికన్నా ముందే మాయమైపోతుంది. చక్రం బిగుసుకుపోయిందని యూనిట్ అనుకుని బ్రేకు వదులుతుంది. మీ కాలికి తగిలే గడగడ అదే. యూనిట్ దృష్టిలో తన పని తాను సరిగ్గానే చేసింది, అందుకే లైటు రాదు. ట్రాఫిక్‌లో ఆ ఒక్క అడుగు చాలు ముందు బండి బంపరుకు తగలడానికి, కాబట్టి బాగయ్యేదాకా ముందు బండికి ఎక్కువ దూరం ఉంచండి.

ఏ చక్రమో తెలుసుకోవడానికి మీ కారు మీద ఓమ్ మీటర్ పనికొస్తుంది. చాలా తీగచుట్ట సెన్సార్లు 800 నుంచి 2000 ఓమ్‌ల మధ్య చూపిస్తాయి. అయితే ఓమ్‌లు బాగున్నా తుప్పు సంగతి అది చెప్పదు. అందుకని బండిని జాకీ మీద ఒదిలేయకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పాలి. ఎడమదీ కుడిదీ ఒకే వేగంతో తిప్పి పోల్చండి. ఒకటి బాగా తక్కువ చూపితే సెన్సార్ విప్పి, అది కూర్చునే చోట తుప్పు గీకించండి. రింగు మీద టార్చి వేసి చక్రాన్ని పూర్తిగా ఒక చుట్టు తిప్పాలి. యాక్సిల్ మీద తుప్పు ఉబ్బి రింగును చీల్చడం మాకు బాగా తెలిసిన జబ్బు. చీలిన చోట రెండు పళ్ల మధ్య సందు మిగతావాటికన్నా వెడల్పుగా కనిపిస్తుంది. రింగు విడిగా దొరికితే అదే వేయండి. దొరకదని పాత రింగుకు వెల్డింగు పెట్టించకండి, అలా పెట్టిన రింగులు వంకరగా తిరగడం ఇక్కడ ఆటోనగర్‌లో చాలా చూస్తాం.

ప్రశ్న: అన్నయ్యగారూ, సెలవులకు పుట్టింటికెళ్లి నెల తర్వాత వచ్చాం. కారు తీస్తే ఏబీఎస్ లైటు తాళం తిప్పినప్పటి నుంచీ వెలుగుతూనే ఉంది, అసలు ఆరడం లేదు. ఈ వారం దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలి. పర్వాలేదా?
– ఒక టీచరు, మార్కాపురం

జవాబు: ముందు ఒకటి చూడండమ్మా. పసుపు ఏబీఎస్ లైటుతో పాటు బ్రేకుకు సంబంధించిన ఎర్ర లైటు కూడా ఉందా? హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించాక కూడా ఎర్రది ఉంటే బండి కదపొద్దు. బ్రేకు ఆయిల్ తగ్గి ఉండొచ్చు, దాన్ని పోసేసి ఊరుకోకుండా ఎందుకు తగ్గిందో చూపించాలి. పసుపు ఒక్కటే అయితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా ఆపే సాయం మాత్రమే లేదు. ఊళ్లో బడికి వెళ్లి రావడానికి నెమ్మదిగా నడపొచ్చు. దోర్నాల తర్వాత నల్లమల ఘాట్‌లోకి మాత్రం ఇలా వెళ్లనివ్వను. మలుపులో చక్రం బిగుసుకుంటే స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. వానపడితే మరీను. ఆలోపు బాగవకపోతే బస్సు ఎక్కండి.

నెల రోజులు కదలని బండి, మొదటి నుంచీ ఆరని లైటు. నేనైతే ఎలుకను అనుమానిస్తాను. బానెట్ ఎత్తి ఇన్సులేషన్ పీకిన ముక్కలు, రెట్టలు ఉన్నాయా చూడండి. చక్రాల లోపలి తొడుగు వెంట పోయే సన్న వైరును మెకానిక్‌తో వెతికించండి. తెగిన చోట వైర్లు రెండూ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి, అతికేటప్పుడు ఆ పెనవేత అలాగే ఉంచమనండి. ఉత్త టేపు చుడితే తొలి వానకే మళ్లీ వస్తారు. బ్యాటరీ వోల్టేజి కూడా చూపించండి. నెల రోజులు నిలబడి బలహీనపడినా ఏబీఎస్ యూనిట్ పనిచేయనని మొరాయిస్తుంది, అది కోడులో ‘తక్కువ వోల్టేజి’ అని వచ్చేస్తుంది.

ప్రశ్న: 2020 మోడల్ సెకండ్ హ్యాండ్ కారు బేరం చేస్తున్నాను. అమ్మేవాళ్లు ‘ఏ లైటూ రాదు, క్లీన్ బండి’ అంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఏ లైటూ రాకపోవడం మంచి గుర్తు కాదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి, కాబట్టి ఈ కారులో అది ఉండాలి. ఉంటే తాళం తిప్పిన వెంటనే దాని లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని నొక్కేశారని అనుకోండి. నల్ల టేపు అంటించడం నుంచి మీటరు విప్పి లైటు తీసేయడం వరకు అన్నీ జరుగుతాయి. వెలిగి, ఆయిల్ లైటుతోనో ఎయిర్‌బ్యాగ్ లైటుతోనో సరిగ్గా ఒకే క్షణానికి ఆరినా అనుమానించండి, రెండింటినీ ఒకే వైరుకు కలిపి ఉండొచ్చు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు ఏబీఎస్ కూడా చదవగల స్కానర్ పెట్టించండి. ఇంజన్ ఒక్కటే చదివే చవక స్కానర్ అయితే ఇక్కడ దండగ. స్కానర్ పెట్టడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయండి, కరీంనగర్‌లో కార్లకు కరువు లేదు.