తవ్వకం ఒక చేత్తో, ఫీడింగ్ ఒక చేత్తో

చిరంజీవి శ్రీనుకి, పెదనాన్న ఆశీస్సులు.

ఎక్స్‌కవేటర్ మీద శిక్షణ పూర్తయిందనీ, వచ్చే నెల నుంచి రాళ్ళు నలగ్గొట్టే క్రషర్ ప్లాంటులో పననీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. అక్కడ ఎక్స్‌కవేటర్ ఇస్తారు, లోడర్ ఇస్తారు, మనిషి తక్కువైన రోజు ఫీడర్ (క్రషర్‌లోకి సరుకు అందించే మెషిన్) దగ్గర కూడా నిలబెడతారు. మూడూ చెయ్యి, మొహమాటపడకు. అవి వేరువేరు డ్యూటీల్లా కనిపిస్తాయి గానీ నిజానికి ఒకటే పని: గట్టులోంచి సరుకు ఊడదీయడం, దాన్ని అవతలి మెషిన్ తట్టుకునే తీరులో అందించడం. చాలామంది మొదటి సగం నేర్చుకుని అక్కడే ఆగిపోతారు. బకెట్ ఎంత నిండిందో చూస్తారు, ఆ బకెట్ సరుకు పడ్డాక హాపర్లో, అంటే ఫీడర్ పైనుండే గరాటు తొట్టిలో, ఏమవుతుందో చూడరు. నువ్వు రెండో సగం కూడా నేర్చుకోవాలని ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందు పళ్ళ సంగతి. బకెట్ తవ్వుతోందని అంటాం గానీ నేలను చీల్చేది దాని పళ్ళే. ఇంజను, పంపు, సిలిండర్లు పుట్టించే బలమంతా ఆ నాలుగైదు మొనల మీదుగానే నేలలోకి వెళుతుంది. మొన వాడిగా ఉంటే బలమంతా కొద్ది చోట పడి పొర చీలుతుంది. మొద్దుబారితే అదే బలం నేలను నొక్కుతుందే తప్ప చీల్చదు, డీజిల్ మాత్రం అంతా కాలుతుంది. అందుకే మెషిన్ ఎక్కేముందు కిందికి వంగి పళ్ళు చూడు. చివరి రెండు పళ్ళు మధ్యవాటికంటే త్వరగా అరుగుతాయి, ఎందుకంటే అవి ముందునూ పక్కనూ రెండు వైపులా రాసుకుంటాయి. అరిగిన చివరి పన్ను మధ్యకూ, మధ్యలోది చివరకూ మారిస్తే సెట్టు ఎక్కువ కాలం వస్తుంది. పైకీ కిందికీ ఒకేలా ఉండే రకమైతే తిరగేసి పెట్టొచ్చు. కానీ మొన అరిగి లోపలి అడాప్టర్ (పన్ను తొడిగే, బకెట్‌కి వెల్డింగ్ చేసిన ముక్క) బయటపడేదాకా మాత్రం ఉంచొద్దు. పన్ను మార్చడానికి ఒక పిన్ను, ఒక సుత్తి చాలు. అడాప్టర్ ముక్కు అరిగితే దాన్ని కోసి మళ్ళీ వెల్డింగ్ చెయ్యాలి, ఆ రోజుకి మెషిన్ నిలిచిపోయినట్టే.

క్రషర్ ప్లాంటులో దీనికి ఇంకో కోణం కూడా ఉంది. ఊడిపోయిన పన్ను ఎక్కడికి పోతుంది? రాయితో పాటు టిప్పర్లోకి, అక్కడి నుంచి హాపర్లోకి, చివరికి క్రషర్ దవడల మధ్యకి. రాయి నలుగుతుంది, పన్ను నలగదు. బెల్టు మీద అయస్కాంతం ఉంది కదా అనుకుంటావేమో. మామూలు ఉక్కు పన్నయితే అది పట్టుకోవచ్చు, ఎక్కువ మాంగనీస్ కలిసిన ఉక్కయితే అయస్కాంతానికి అంటదు. పైగా మొదటి క్రషర్ తర్వాత బెల్టు మీద అయస్కాంతం ఉంటే ఆ మొదటి క్రషర్‌కి అది ఎలాగూ అడ్డం రాదు. కాబట్టి షిఫ్టులో ఆగిన ప్రతిసారీ పళ్ళు లెక్కపెట్టు. ఒకటి తగ్గితే సిగ్గుపడకుండా వెంటనే వాకీలో చెప్పి ఫీడర్ ఆపించు. ఆ పది నిమిషాల ఆలస్యానికి ఎవరు కసిరినా పట్టించుకోకు.

ఇక తవ్వకం. ఎక్స్‌కవేటర్లో బూమ్ (మెషిన్ నుంచి లేచే పెద్ద చెయ్యి), ఆర్మ్ (దాని చివరుండే చిన్న చెయ్యి), బకెట్ మూడింటికీ నూనె ఒత్తిడితో నడిచే వేరువేరు సిలిండర్లు. సిలిండర్ బలం అన్ని కోణాల్లోనూ ఒకేలా పనిచేయదు. బకెట్ సిలిండరూ దాని లింకూ లంబంగా ఉన్నప్పుడు బకెట్ లాగుడు గరిష్ఠం, ఆర్మ్ సిలిండరూ ఆర్మూ లంబంగా ఉన్నప్పుడు ఆర్మ్ లాగుడు గరిష్ఠం. లివర్ల మీద కూర్చున్నవాడికి అంత జామెట్రీ అక్కర్లేదు, ఇది గుర్తుంచుకుంటే చాలు: ఆర్మ్ నిటారు గీతకి ముందువైపు 45 డిగ్రీల నుంచి నీవైపు 30 డిగ్రీల దాకా ఉన్న మేరలోనే గట్టి పని చెయ్యి. ఆర్మ్ పూర్తిగా చాచి దూరంగా ఉన్నదాన్ని గీకడం, పూర్తిగా దగ్గరకు ముడుచుకుని ట్రాకుల కింద తవ్వడం రెండూ దండగే. సిలిండర్‌ని చివరంటా కొట్టించకు, కొద్దిగా స్ట్రోక్ (అది కదిలే దూరం) మిగలనివ్వు.

కోత మొదలుపెట్టేటప్పుడు పళ్ళు నేలలోకి ఏ కోణంలో దిగుతున్నాయో చూడు. బకెట్ ఎక్కువ తెరిచి ఉంటే పళ్ళు గుచ్చుకుని మెషిన్ ముందుకు ఊగుతుంది. ఎక్కువ ముడుచుకుని ఉంటే బకెట్ అడుగు, అంటే మడమ, నేలకు రాసుకుంటుంది. మడమ రాసుకుంటోందని కేబిన్‌లోంచి తెలుసుకోవడం తేలికే: పళ్ళు కోసిన చోట గరుకుగా గీతలు కనిపించాలి, దానికి బదులు నున్నగా ఇస్త్రీ చేసినట్టు మెరుస్తుంటే బలం రాపిడికి పోతోందన్నమాట. కోణం సరిచేసి, పలచగా పొడవుగా ఒక పొర తియ్యి. ఆర్మ్ లాగుతూ ఉండగా బూమ్‌ని కొద్దికొద్దిగా లేపుతూ, బకెట్‌ని మెల్లగా ముడుస్తూ రా. ఒకే లివర్‌తో మొత్తం లాగకుండా మూడూ కలిసి కదలాలి. లోతుగా గుచ్చి ఒక్క దెబ్బకి నింపుదామనుకుంటే మధ్యలో ఆర్మ్ ఆగిపోతుంది, రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి మితిమీరితే నూనెని వదిలేసే కవాటం) కూత వినిపిస్తుంది. ఆ కూత వింటున్నంతసేపూ పంపు నూనెని వేడిచేయడం తప్ప పనేమీ జరగడం లేదు. వెంటనే బూమ్ కాస్త లేపి పొర మందం తగ్గించు, మళ్ళీ నడుస్తుంది.

బకెట్ పక్కతో కొట్టి రాయి జరపడం, స్వింగ్ (మెషిన్ పైభాగం పక్కకి తిరగడం) బలంతో గోడ ఊడ్చడం, ట్రాకులు నడిపి బకెట్‌ని లాగడం: ఈ మూడూ నీకు ఎంత సీనియర్ చేసి చూపించినా నేర్చుకోకు. స్వింగ్ గేర్లు, పిన్నులు, బుష్షులు అందుకు చేసినవి కావు. బకెట్ దగ్గరి పిన్నులకి రోజూ గ్రీజు పెట్టు, కొత్త గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా పెట్టు. అక్కడ మట్టీ నీళ్ళూ ఎప్పుడూ దూరుతుంటాయి.

నిలబడే చోటు కూడా తవ్వకంలో భాగమే. మెషిన్ గట్టు మీద, టిప్పర్ కింద ఉంటే మంచిది. గట్టు ఎత్తు దాదాపు ఆర్మ్ పొడవంత ఉంటే బకెట్‌ని అనవసరంగా పైకెత్తే పని ఉండదు. టిప్పర్‌ని ఎంత దగ్గర కోణంలో పెట్టిస్తే స్వింగ్ అంత తగ్గుతుంది, రోజు మొత్తం మీద మిగిలేది అక్కడే. ట్రాకులు అంచుకి నిలువుగా ఉంచు, డ్రైవ్ స్ప్రాకెట్ (ట్రాకుని తిప్పే పళ్ళ చక్రం) వెనక్కి ఉండాలి. కింద జారుతోందనిపిస్తే వెనక్కి వచ్చేయడానికి అదే దారి. నీ కిందనే బొరియ తవ్వుకోకు.

లోడర్ దగ్గరికొచ్చేసరికి పద్ధతి మారుతుంది. ఎక్స్‌కవేటర్ సరుకుని తనవైపు లాక్కుంటుంది, లోడర్ దాంట్లోకి దూరుతుంది. అక్కడ బలం చక్రాల పట్టులోంచి రావాలి. కుప్పకి ఎదురుగా తిన్నగా వెళ్ళు, మెషిన్ నడుము పక్కకి వంగి ఉండకూడదు. బకెట్ అడుగు నేలకు సమంగా దించి, తక్కువ గేరులో కుప్పలోకి నెట్టు. అంచు లోపలికి వెళ్ళగానే బూమ్‌ని ఒక్క పిసరు లేపు. కుప్ప బరువు బకెట్ మీదుగా ముందు చక్రాల మీద పడి అవి నేలను పట్టుకుంటాయి. ఆ పిసరు ఎత్తడం తెలియనివాడి లోడర్ కుప్ప ముందు చక్రాలు తిప్పుకుంటూ ఉంటుంది. పదునైన రాళ్ళ మీద అలా తిరిగిన టైరు గంటల్లో పాడవుతుంది. పట్టు దొరికాక బకెట్‌ని కొద్దికొద్దిగా ముడుస్తూ, నిండగానే వెనక్కి వచ్చేయి. బకెట్ కిందికే ఉంచుకుని నడు, ఎత్తి పట్టుకుని తిరగకు.

ఇక్కడ కాస్త లెక్క. గట్టులో ఒక ఘనపు మీటరు ఉన్న మామూలు మట్టి తవ్వాక దాదాపు 1.25 ఘనపు మీటర్లు అవుతుంది, పేల్చిన రాయి 1.5కి పైనే అవుతుంది. బరువు మారదు, మధ్యలో ఖాళీలు పెరుగుతాయి. బకెట్ మీద రాసిన సామర్థ్యం కూడా ఎప్పుడూ అంతే పడుతుందనుకోకు. తడి మట్టి కుప్పగా నిలిచి అంతకు మించి కూడా రావచ్చు, పెద్ద బండలు కలిసిన రాయి మూడొంతుల్లో రెండొంతులు నిండినా గొప్పే. ప్లాంటులో గంటకి ఇన్ని టన్నులు కావాలంటే ఈ లెక్క వేసుకున్నాకే ఎన్ని బకెట్లో చెప్పు.

నాకు చాలా ఇష్టమైన మెషిన్ గురించి ఒక మాట. బకెట్ వీల్ ఎక్స్‌కవేటర్ నీ చేతికి రాకపోవచ్చు, కానీ తవ్వకం, ఫీడింగ్ ఒక్కటే అని దానికంటే బాగా చెప్పేది ఇంకోటి లేదు. జర్మనీ బొగ్గు గనుల్లో ఉన్న బాగర్ 293 బరువు దాదాపు 14,200 టన్నులు, రోజుకి 2,40,000 ఘనపు మీటర్లు తవ్వేలా కట్టారు. తిరిగే చక్రం చుట్టూ బకెట్లుంటాయి, ఒక్కో బకెట్ కింద పొర కోసి, పైకి రాగానే సరుకుని దాని బరువుకే చూట్‌లోకి (ఏటవాలు జారుడు దారిలోకి) జారవిడుస్తుంది, కింద బెల్టు మోసుకుపోతుంది. చక్రం ఉన్న బూమ్ కుడికీ ఎడమకీ వంపు తిరుగుతూ గట్టును కోస్తుంది. ప్రతి వంపుకీ మెషిన్ ముందుకు జరిగే దూరం ఒకటే అయినా, వచ్చే పొర మందం ఒకటి కాదు. బూమ్ తిన్నగా ముందుకి ఉన్నప్పుడు పొర మందంగా ఉండి, పక్కకి పోయేకొద్దీ ఆ కోణపు కొసైన్ చొప్పున పలచబడుతుంది. 60 డిగ్రీల దగ్గర సగమే మిగులుతుంది. మరి బెల్టు మీద ధార సగానికి పడిపోకూడదు కదా! అందుకని పక్కకి పోయేకొద్దీ తిప్పుడు వేగం పెంచుతారు, 60 డిగ్రీల దగ్గర రెట్టింపు. పొర ఎంత పలచబడితే వేగం అంత పెరిగి, బెల్టు మీద సరుకు సమంగా వస్తుంది. అంత పెద్ద మెషిన్లో కూడా తవ్వే వేగాన్ని నిర్ణయించేది బెల్టే.

గనుల్లో వాడే గ్యాదరింగ్ ఆర్మ్ లోడర్ కూడా ఇదే దారి. జోసెఫ్ జాయ్ అనే అమెరికన్‌కి 1919లో అలాంటి దానికి పేటెంట్ వచ్చింది. ఒక చెయ్యి సరుకుని లోపలికి తోస్తుంటే ఇంకో చెయ్యి వెనక్కి వెళ్ళి అందుకుంటూ ఉంటుంది, మధ్యలో గొలుసు కన్వేయర్‌కి ఖాళీ ఉండదు.

నీ హాపర్ దగ్గర చెయ్యాల్సిందీ అంతే. పెద్ద బకెట్ ఒక్కసారి గుమ్మరించి పావుగంట మాయమయ్యేకంటే, మధ్యరకం బకెట్లు ఎడం పాటించి వెయ్యి. ప్లేట్ ఫీడరైతే (ఉక్కు పలకల వరస కదులుతూ సరుకుని మోసే రకం) దాన్ని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయించకు, పలకల మీద ఒక పొర సరుకు నిలవ ఉండనివ్వు. పైనుంచి పడే బండ దెబ్బ ఆ పొర తింటుంది, లేకపోతే పలకలూ రోలర్లూ తింటాయి. బండలన్నీ ఒక పక్కకీ సన్నసరుకంతా ఇంకో పక్కకీ పడకుండా హాపర్ వెడల్పంతా సర్దుతూ వెయ్యి, లేకపోతే క్రషర్ ప్లేట్లు ఒక వైపే అరుగుతాయి. క్రషర్ నోటికంటే పెద్ద బండని గట్టు దగ్గరే పక్కన పెట్టు, బ్రేకర్‌తో (రాయి పగలగొట్టే సుత్తి మెషిన్‌తో) కొట్టించు. హాపర్ దాకా తెచ్చాక అది అందరి సమస్య అవుతుంది.

మొదలుపెట్టేటప్పుడు చివరి బెల్టు నుంచి వెనక్కి వస్తూ ఒక్కొక్కటే ఆన్ చేసి, ఫీడర్‌ని ఆఖర్న నడుపు. ఆపేటప్పుడు ముందు ఫీడర్, చివర్లో బెల్టులు. ఈ వరస తప్పితే మోటార్లు నిండు బరువు మీద లేవాల్సి వస్తుంది, చూట్‌లు పూడిపోతాయి.

బంకమట్టి కలిసిన తడి సరుకు హాపర్లో గోడ నుంచి గోడకి వంతెన కట్టుకుని నిలబడిపోతుంది. కింద ఫీడర్ ఖాళీగా తిరుగుతుంటుంది, పైన మాత్రం నిండుగా కనిపిస్తుంది. అప్పుడు పైకెక్కి కాలితో తన్నే వీరులుంటారు. నువ్వు ఆ పని చెయ్యొద్దు, ఎవరు చెప్పినా చెయ్యొద్దు. ఆ వంతెన కూలితే మనిషి దాంతోపాటే వెళ్ళిపోతాడు. ఫీడర్ ఆపి, కరెంటు తీసి, స్విచ్‌కి నీ తాళం వేసి, తాళం చెవి నీ జేబులో పెట్టుకున్నాక, బయట నిలబడి పొడవాటి కడ్డీతోనో బ్రేకర్‌తోనో కదిలించాలి. తాళం ఇంకొకడి జేబులో ఉంటే వేసినట్టు కాదు.

చేరాక నాకు మూడు సంగతులు రాసి పంపు. మీ ఫీడర్ ప్లేట్ రకమా, వైబ్రేటింగ్ రకమా? హాపర్ అడుగు నోరు సరుకు బయటికి వెళ్ళే వైపుకి వెడల్పు అవుతోందా, లేక రెండు పక్కలూ సమానంగా ఉన్నాయా? సరుకు దిగుతున్నప్పుడు వెనక గోడ దగ్గరిది మాత్రమే కదులుతోందా, మొత్తం కదులుతోందా? వెనకది మాత్రమే కదులుతుంటే ఫీడర్ వెనకే నిండిపోతోంది, ముందున్న సరుకు దిగడానికి దానికి చోటు లేదు. ముందువైపు బండలు ఎంత సర్ది వేసినా ఫలితం ఉండదు, పక్క పలకలు సరిచేయించాలి. కుదిరితే కాగితం మీద కొలతలతో ఒక బొమ్మ గీసి పంపు, మీ ఫోర్‌మన్‌తో ఏం మాట్లాడాలో నేను రాస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న