కంపెనీ మారినా నో క్లెయిమ్ బోనస్ పోదండి

ఒక్క క్లెయిమ్ కూడా చేయకపోయినా బైక్ ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి పోయినేడాది కంటే ఎక్కువ అడిగారని, కంపెనీ మారితే బోనస్ పోతుందేమోనని కదా మీ టెన్షన్. ఆ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మీరు సంపాదించుకున్నది, మామూలుగా మీతోపాటే వస్తుంది. పాత కంపెనీ నుంచి దానికి రుజువు తీసుకుని పెట్టుకోండి. పాలసీ గడువు దాటిపోనిస్తేనే ప్రమాదం, కాబట్టి రెండు మూడు వారాల ముందే కొటేషన్లు అడగడం మొదలుపెట్టండి.

పాత పాలసీ కాగితం పక్కన పెట్టుకుని పోల్చండి. ఎవరైనా బాగా తక్కువ చెబితే ముందు బండి విలువ ఎంత వేశారో చూడండి. ఆ విలువ తగ్గిస్తే ప్రీమియం ఇట్టే తగ్గుతుంది, కానీ రేపు బండి ఎవరైనా ఎత్తుకుపోతే చేతికొచ్చేదీ అంతే. తర్వాత, క్లెయిమ్ సమయంలో మీ జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా. అది పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది. అంత మొత్తం అప్పటికప్పుడు కట్టగలిగితేనే ఒప్పుకోండి. అక్కర్లేని యాడ్‌ఆన్లు, అంటే అదనపు డబ్బుతో కలిపే ఎక్స్‌ట్రా కవర్లు, తీసేయించండి. సైలెన్సర్ లాంటివి మార్పించి ఉంటే మాత్రం దాచకండి, దాని వల్ల క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

మంచి కొటేషన్ దొరికాక పాత కంపెనీకే ఫోన్ చేసి ఆ అంకె చెప్పండి. కొన్నిసార్లు తగ్గిస్తారు. తగ్గించకపోతే మారిపోండి. పాతది ముగిసిన క్షణం నుంచే కొత్తది మొదలయ్యేలా తేదీ, టైమ్ రెండూ సరిచూసుకోండి. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉంటే ముందే ఆపించండి.