పర్చేజ్ ఆర్డరు మీద సంతకం పెట్టే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పరవాడలోని రసాయనాల ఫ్యాక్టరీలో కొనుగోళ్లు, గోదాములు, రవాణా మూడూ నీ చేతి కిందికి వస్తున్నాయని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసుకోవడానికి అక్కడ వేరే డిపార్టుమెంటు ఉందని, సరుకు వేళకు తెప్పించడం వరకే నీ పని అని నువ్వు అన్నావని కూడా ఆమె చెప్పింది. ఈ ఊరి ఫ్యాక్టరీల్లో స్టోర్సులోనూ పర్చేజిలోనూ ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను, చాలా ఏళ్లు అనుకున్నాను. అందుకే ఈ ఉత్తరం కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఒక లెక్క చూడు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో ఊరి మీదికి పాకిన మిథైల్ ఐసోసయనేట్ అనే విష రసాయనం తయారీ పాత్ర అయిన రియాక్టరులోనిది కాదు, నిల్వ ట్యాంకులో ఉంచిన సుమారు 40 టన్నుల సరుకు. 1997 సెప్టెంబరు 14న మన మల్కాపురం వైపు ఆకాశమంతా నల్లబడి, సుమారు 60 మంది ప్రాణాలు పోయిన రిఫైనరీ ప్రమాదం ఓడ నుంచి ఎల్‌పీజీ దింపుకుంటున్న సమయంలో జరిగింది. 2020 మే 7 తెల్లవారుజామున మన ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మందిని బలిగొన్న స్టైరీన్ కూడా నిల్వ ట్యాంకు నుంచే వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టు 4న బేరూత్ రేవులో పేలిన 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ దాదాపు ఆరేళ్లు గోదాములో పడి ఉన్నది. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో 17 మంది చనిపోయిన ప్రమాదం తయారీ విభాగానికి సంబంధించినది కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపను. మిగిలినవన్నీ ఎక్కడ జరిగాయో చూశావా? నిల్వ దగ్గర, దింపుడు దగ్గర, అంటే రేపటి నుంచి నీ బల్ల మీదికి రాబోయే చోట్ల.

వెంకటాపురం సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అది కొనుగోలు చేసేవాళ్లు తప్పకుండా అర్థం చేసుకోవలసిన విషయం. స్టైరీన్ తనలో తానే నెమ్మదిగా గట్టిపడే గుణమున్న ద్రవం. అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి గట్టిపడటం ఇంకా వేగమవుతుంది, దానితో మరింత వేడి పుడుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచి, టీబీసీ అనే నిరోధకం కలిపి నిల్వ చేస్తారు. ఆ నిరోధకం రోజులు గడిచేకొద్దీ ఖర్చయిపోతుంది, అది పనిచేయడానికి ద్రవంలో కరిగిన ఆక్సిజన్ కూడా కొంత ఉండాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగిపోయి సరుకు ట్యాంకులో కదలకుండా ఉండిపోయి, వేడెక్కి, ఆవిరై బయటికి వచ్చింది. ఆ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు కాబట్టి పైకి పోకుండా వీధుల్లోకి పాకింది. మనం స్టాకును పుస్తకంలో రూపాయల్లో చూస్తాం. కొన్ని సరుకులు పాలలాగా రోజు రోజుకూ మారిపోతుంటాయని ఆ పుస్తకం చెప్పదు.

కనుక నువ్వు మొదట చేయవలసిన పని, ఫలానా సరుకు కావాలని ప్లాంటువాళ్లు అడిగే ఇండెంటు ఫారం మీద ఒక గడి అదనంగా వేయించడం: ఫ్యాక్టరీ నడవకపోతే, కరెంటు పోతే, ఈ సరుకు ఎన్ని రోజులు క్షేమంగా ఉంటుంది? ఆ గడి నింపకుండా వచ్చిన ఇండెంటును వెనక్కి పంపు, రెండు నెలలు అందరూ నిన్ను తిట్టుకుంటారు, తరువాత అలవాటు పడతారు. మూడు నెలల సరుకు ఒకేసారి తీసుకుంటే కిలోకు రెండు రూపాయలు తగ్గిస్తానని సప్లయరు ఆశ పెట్టినప్పుడు ఆ గడి వైపు చూడు. మరో సంగతి, ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతికి సంబంధించిన 1989 నాటి నిబంధనల్లో ఒక్కొక్క రసాయనానికి ఒక పరిమాణం నిర్ణయించి ఉంటుంది. నిల్వ ఆ గీత దాటితే అధికారులకు తెలియజేయడం, భద్రతా నివేదిక, అత్యవసర ప్రణాళిక వంటి బాధ్యతలు మీద పడతాయి. తగ్గింపు ధర కోసం నువ్వు పెట్టే ఒక్క సంతకం ఫ్యాక్టరీని ఆ గీత దాటించగలదు, సేఫ్టీ ఆఫీసరుకు అది ట్యాంకరు గేటులోకి వచ్చాక కానీ తెలియదు.

ఇక దింపుడు సంగతి. చాలా ఏళ్ల క్రితం ఒక ఏప్రిల్ నెలలో, నేను పనిచేసే ఫ్యాక్టరీకి గుజరాత్ నుంచి టోలుయీన్ అనే మండే సాల్వెంటు (ద్రావణి) ట్యాంకరు వచ్చింది. ల్యాబు రిపోర్టు రాలేదని, లోపల ట్యాంకు ఖాళీ కాలేదని డ్రైవరును రెండు రోజులు గేటు బయట రోడ్డు పక్కన నిలబెట్టారు. నీడ లేదు, మంచినీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు. అతను, క్లీనరు ట్యాంకరు కిందే పడుకున్నారు. మూడో రోజు రాత్రి పదకొండు గంటలకు, మర్నాడు ప్లాంటు ఆగిపోతుందని హడావుడిగా లోపలికి పిలిచారు. నేను ఆ పూట ఏదో కాగితం కోసం అటు వెళ్లాను. ఎర్తింగ్ క్లిప్పు తగిలించే ఉంది, చెక్‌లిస్టులో దాని ఎదురుగా టిక్కు కూడా ఉంది, కానీ ఆ క్లిప్పు రంగు వేసిన మడ్‌గార్డును పట్టుకుని ఉంది. జేబులోని రూపాయి బిళ్లతో గోకితే పెయింటు దళసరిగా ఊడి వచ్చింది. గొట్టంలో ద్రవం పరుగెడుతున్నప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు నేలలోకి పోయే దారి ఆ పెయింటు దగ్గరే మూసుకుపోయింది. టోలుయీన్ ఆవిరి అంటుకోవడానికి కంటికి కనిపించనంత నిప్పురవ్వ చాలు. ఆ రాత్రి ఏమీ కాలేదు. పంపు ఆపించి, క్లిప్పు మార్పించి ఇంటికి వెళ్లాను, నిద్ర పట్టలేదు.

తెల్లవారి తీరిగ్గా ఆలోచిస్తే, క్లిప్పు తగిలించిన కుర్రవాడి తప్పు ఆ వ్యవహారంలో చివరిది, అన్నిటికంటే చిన్నది కూడా. పర్చేజ్ ఆర్డరులో ప్రయాణానికి మూడు రోజుల గడువు వేసింది నేను. అక్కడి నుంచి మన ఊరికి 1,500 కిలోమీటర్ల పైమాటే. అప్పుడు అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రోజుకు ఎనిమిది గంటల పని. గంటకు నలభై చొప్పున నడిపినా రోజుకు 320 కిలోమీటర్లు, అంటే దాదాపు అయిదు రోజులు. ఆలస్యానికి రోజుకు ఇంత అని జరిమానా కూడా రాశాను. భద్రతా నియమాలు పాటించవలెను అనే వాక్యం పదిహేడో షరతుగా చివరి పేజీలో ఉంది, దాన్ని నాతో సహా ఎవరూ చదవలేదు. డ్రైవరును నిద్ర లేకుండా నడిపించింది ఆ మూడు రోజుల గడువే. ఆ తరువాత గడువులు మార్చాను, సాయంత్రం ఆరు దాటితే మండే ద్రవాలు దింపకూడదని రాయించాను, గేటు పక్కన రేకుల షెడ్డు, కుళాయి, మరుగుదొడ్డి కట్టించడానికి మాత్రం పద్నాలుగు నెలలు పోరాడవలసి వచ్చింది.

ట్యాంకరు వచ్చినప్పుడు సరుకు కాగితాలతో పాటు మరికొన్ని చూడడం నీ గుమాస్తాలకు నేర్పు. ప్రమాదకర సరుకు నడిపే డ్రైవరుకు ప్రత్యేక శిక్షణ, లైసెన్సు మీద దాని నమోదు ఉండాలి. బండి మీద హెచ్చరిక పలక, దాని మీద సరుకు ఏదో చెప్పే యూఎన్ నంబరు ఉండాలి. టోలుయీన్‌కు 1294, అమ్మోనియాకు 1005, సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు 1830. క్యాబినులో ట్రెమ్ కార్డు ఉంటుంది, ప్రమాదం జరిగితే ఏం చేయాలో, ఎవరికి ఫోను చేయాలో చెప్పే కార్డు అది. అది ఇంగ్లీషులో మాత్రమే ఉంటే డ్రైవరుకు వచ్చిన భాషలో మరొకటి ఇప్పించు. నేను అడిగినప్పుడల్లా డ్రైవర్లు దాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచి చూపించేవారు, లోపల ఏముందో చెప్పమంటే నవ్వేవారు.

సరుకు దింపే కలాసీల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. కాస్టిక్ సోడా పెచ్చులు యాభై కిలోల సంచుల్లో వచ్చేవి. మన ఊరి ఉక్కపోత నీకు తెలిసిందే. సంచి కుట్టుల్లోంచి రాలిన పొడి చెమటతో కలిసి మెడ మీద, భుజం మీద చర్మాన్ని తినేస్తుంది. ఒక కలాసీ చొక్కా విప్పి చూపించేవరకు నాకు ఆ సంగతి తెలియదు. మెడ వెనుక కాలిన పాత మచ్చ మీద కొత్త మచ్చ, దాని మీద కొబ్బరినూనె రాసుకున్నాడు. గ్లవ్సు, ఆప్రాన్ ఇచ్చాం, ఆ ఎండలో రెండు గంటలు కూడా ఉంచుకోలేకపోయారు. చివరికి మార్చవలసింది సంచిని అని తెలిసింది: లోపల లైనరు ఉన్న పాతిక కిలోల సంచులు, ప్యాలెట్ల మీద పేర్చి, ఫోర్క్‌లిఫ్టుతో దింపేలా ఆర్డరు ఇచ్చాం. టన్నుకు కొంత ధర పెరిగింది. ఆడిటులో అడిగితే కారిపోయే సరుకు తగ్గిందని లెక్క చూపించాను. అది నిజమే, కానీ అసలు కారణం ఆ మెడ.

ఖాళీ డ్రమ్ముల గురించి నాకు సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. గాజువాక దాటిన తరువాత ఒక కాలనీలో బంధువుల గృహప్రవేశానికి వెళ్లి, భోజనాలయ్యాక చేయి కడుక్కోవడానికి మేడ మీదికి వెళ్తే, నీళ్ల కోసం ఒక నీలం డ్రమ్ము పెట్టి, పైన స్టీలు చెంబు బోర్లించి ఉంది. లేబులు గీకేశారు కానీ అంచున బ్యాచి నంబరు మిగిలింది. అది మా సాల్వెంటు డ్రమ్ము. ఆరు నెలల క్రితం స్క్రాపు వేలంలో దాన్ని అమ్మిన కాగితం మీద సంతకం నాదే, ఆ నెల స్క్రాపు రాబడి బాగా వచ్చిందని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. ఆ ఇంటివాళ్లకు కొత్త డ్రమ్ము కొనిచ్చి దాన్ని తెచ్చేశాను. మిగిలినవి ఎన్ని మేడల మీద ఉన్నాయో ఎలా వెతకను? అప్పటి నుంచి ప్రతి డ్రమ్మునూ కడిగించి, ఆ కడిగిన నీళ్లను శుద్ధి ప్లాంటుకు పంపి, అడుగున మేకుతో చిల్లు పెట్టించిన తరువాతే గేటు దాటనిచ్చాను. ఇప్పుడైతే 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో రసాయనాలు అంటిన ఖాళీ పీపాలు కూడా వ్యర్థాల కిందికే వస్తాయి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికే, మానిఫెస్టు అనే రవాణా పత్రంతోనే ఇవ్వాలి. ఆ నిబంధనల ప్రకారం వ్యర్థాలను ఆవరణలో తొంభై రోజులకు మించి ఉంచకూడదు, కాబట్టి తీసుకుపోయే వాడి ఒప్పందం కూడా ముడిసరుకు ఒప్పందమంత జాగ్రత్తగా రాయవలసిందే. అతి తక్కువ ధరకు చెత్త తీసుకుపోతానన్నవాడు తన ట్యాంకరును రాత్రిపూట ఏ వాగులో, ఏ గెడ్డలో ఖాళీ చేస్తాడో అని అనుమానించడం నేర్చుకో.

సప్లయర్ల దగ్గరకు వెళ్లినప్పుడు ఐఎస్‌ఓ 14001 (పర్యావరణం), 45001 (భద్రత) సర్టిఫికెట్లు రిసెప్షనులోనే అద్దంలో కట్టి ఉంటాయి, కాఫీ కూడా బాగుంటుంది. అవి ఉండడం మంచిదే. నువ్వు మాత్రం వెనుక గోడ దాకా నడువు, కార్మికుల మరుగుదొడ్డి చూడు, కళ్లు కడుక్కునే కుళాయి తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో చూడు, వీలైతే వానాకాలంలో వెళ్లు. ఒకచోట గోడ అవతలి గెడ్డలో నీళ్లు పసుపుగా పారుతూ కనిపించాయి. అప్పటికప్పుడు ఆర్డరు రద్దు చేయాలని నాకు అనిపించింది, కానీ అలా చేస్తే ఆ పసుపు నీళ్లు ఆగవు, వాడు సరుకు మరొకరికి అమ్ముకుంటాడు, అంతే. శుద్ధి ప్లాంటు బాగు చేసుకోవడానికి ఆరు నెలలు గడువు ఇచ్చి, ధర కొంచెం పెంచి, ప్రతి నెలా వెళ్లి చూశాను. సగం పని చేశాడు, మిగతా సగం చేయలేదు. ఏడో నెలలో వేరే చోటికి మారాను. ఇందులో నేను గెలిచానో లేదో ఇప్పటికీ చెప్పలేను.

ధర విషయంలో పైవాళ్లు నిన్ను నిలదీస్తారు, అది తప్పదు. ఎల్‌-1కే, అంటే అతి తక్కువ ధర చెప్పినవాడికే, ఇవ్వాలని టెండరు తెరిచాక వాదించి లాభం లేదు. అందుకే డ్రైవరు శిక్షణ, బండి వయసు, ప్యాకింగు, డ్రమ్ములు వెనక్కి తీసుకోవడం ఇవన్నీ ధరకు ముందు చూసే టెక్నికల్ బిడ్డులోనే అర్హతలుగా పెట్టు. అవి లేనివాడి ధర కవరు తెరవవలసిన పనే ఉండదు. ఆలస్యానికి జరిమానా రాసిన పేజీలోనే, భద్రత కోసం డ్రైవరు బండి ఆపితే ఆ సమయానికి జరిమానా లేదని ఒక వాక్యం రాయించు. లీగల్ వాళ్లు అభ్యంతరం చెబుతారు, నాకూ చెప్పారు.

నువ్వు చేరేది అక్టోబరులో కాబట్టి చివరగా ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా గోదాము పైకప్పు రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి, నీరు తగిలితే మండే సరుకు ఉన్న మూల మాత్రం అదృష్టవశాత్తు తడవలేదు. చేరిన మొదటి వారంలోనే గోదాము మొత్తం ఒకసారి నడిచి, నీళ్లతో పడనివి ఏ మూలన ఉన్నాయో, యాసిడ్ల పక్కన ఏవి పెట్టారో, నేల ఎత్తు ఎంత ఉందో నీ కళ్లతో చూసి ఒక కాగితం మీద గీసుకో. కంప్యూటరులో ఉన్న లెక్కకూ నువ్వు గీసినదానికీ తేడా వస్తే, ఆ ఆదివారం ఆ కాగితం పట్టుకుని ఇంటికి రా. అత్తయ్య నీకిష్టమని పనసపొట్టు కూర చేస్తానంటోంది, భోజనమయ్యాక ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య