పక్క చేను ఆయన బోరు ఎండిందని సంబరపడకు, బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నీ మాటలు విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. మీ నాయిన చనిపోయి ఏడాది తిరగకముందే పక్క చేను ఆయన హద్దు రాయి జరిపి మీ బత్తాయి తోటలోకి వచ్చాడు. అది అన్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆయన బోరు ఎండిపోయిందని, "చూసినవా పెద్దమ్మా, దేవుడు ఎట్ల కొట్టిండో" అని నువ్వు అంత సంబరంగా చెప్పడం నాకు నచ్చలేదు.

బైబిల్లో సామెతల గ్రంథం 24వ అధ్యాయం 17, 18 వచనాలు తీసి చదువు. శత్రువు పడిపోతే సంతోషపడొద్దు, యెహోవా అది చూసి నచ్చక వాని మీద నుంచి తన కోపం తీసేస్తాడేమో అని ఉంది. పడినోణ్ని చూసి నవ్వితే ఆయన చూపు నీ మీదికి కూడా తిరుగుతుంది.

ఇంకో మాట, గట్టిగానే అడుగుతా. బోరు ఎండడం శిక్ష అయితే, మీ నాయిన నడీడులో పోయినదానికి ఏం పేరు పెడతావు? యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితుడు ఎలీఫజు ఇదే లెక్క వేశాడు. తప్పు చేయనివాడు ఎప్పుడైనా నాశనమయ్యాడా అని, పిల్లలను పోగొట్టుకుని ఒళ్లంతా కురుపులతో కూర్చున్న మనిషిని మొహం మీదే అడిగాడు. యోబు ఊరుకోలేదు. యోబు గ్రంథం 21వ అధ్యాయంలో, దుర్మార్గులు ముసలితనం దాకా బలంగానే బతుకుతున్నారు, వాళ్ల ఇండ్లకు భయం లేదు, వాళ్ల ఆవులు ఈనుతున్నాయి, ఇదేంది అని ఎదురు అడిగాడు. చివరికి 42లో దేవుడు కోప్పడింది ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద. మన పాలమూరులో ఎండాకాలం మంచోళ్ల బోర్లు కూడా ఎండుతాయి కదా.

అట్లని తీర్పు లేదని కాదు. 37వ కీర్తన చెప్తుంది, భక్తిహీనుడు పచ్చని చెట్టులా విస్తరించి ఉండగా చూశాను, తర్వాత వెతికితే కనబడలేదు అని. కానీ ఎప్పుడో చెప్పదు, కోపం మానుకో, కనిపెట్టుకొని ఉండు అంటుంది. అది కష్టమని కీర్తనలు రాసిన ఆసాపుకు కూడా తెలుసు. 73వ కీర్తనలో, గర్విష్ఠుల క్షేమం చూసి అసూయపడ్డాను, కాలు జారబోయింది అని దాచకుండా చెప్పుకున్నాడు. దేవుని పరిశుద్ధ స్థలంలోకి పోయినాకనే వాళ్ల అంతం ఏమిటో అతనికి అర్థమైంది, అప్పుడు వాళ్లను చూసి నవ్వలేదు, నీ ముందు నేను పశువులా ఉన్నాను ప్రభువా అన్నాడు. నువ్వు ఆ పక్క చేను ఆయన ఇంటి వైపు చూసుడు ఆపి ఆదివారం మందిరానికి పో. మీ అమ్మ ఒక్కతే పోతోందట.

భూమి వదులుకొమ్మని మాత్రం నేను అనను. సామెతలు 23లో పాత పొలిమేర రాయి తీయొద్దు, తండ్రిలేని వాళ్ల పొలంలోకి చొరబడొద్దు, వాళ్ల విమోచకుడు బలవంతుడు, వాళ్ల పక్షాన వ్యాజ్యెం ఆడతాడు అని ఉంది. ఆ మాట చదివినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. కాబట్టి మీసేవలో హద్దుల సర్వేకు దరఖాస్తు పెట్టు, పాత పహాణీ, టీపన్ (భూమి కొలతల పటం) నకళ్లు తీసిపెట్టుకో, సర్వేయర్ వచ్చిన రోజు ఊరి పెద్దలను గెట్టు మీద నిలబెట్టు. రాత్రిపూట దోస్తులను వేసుకొని రాయి వెనక్కి జరిపే ఆలోచన ఉందని విన్నా. అది చేయకు, కేసు నీ మీదికే తిరుగుతుంది. కీడుకు ప్రతికీడు చేస్తాననొద్దని సామెతలు 20లో చెప్పింది నీలాంటి వయసు కుర్రాళ్లకే.

ఇక చివరిది, నీకు కోపం వస్తుందని తెలిసే అడుగుతున్నా. నీ బోరులో నీళ్లు ఉంటే పక్క చేను ఆయన చెట్లకు ఒక తడి ఇవ్వు. శత్రువు దప్పిగొంటే దాహం ఇవ్వమని సామెతలు 25లో ఉంది, పౌలు కూడా రోమీయులకు అదే రాశాడు. సర్వే పని సర్వే పనే, నీళ్లు నీళ్లే, రెంటినీ కలపకు. సర్వే తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి, ముందు రోజే బస్సెక్కి వస్తా.

మీ పెద్దమ్మ