డబ్బు ఇచ్చే ముందు డెక్ కిందికి దూరి చూడు

చి. అమ్ములుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ కొత్త డెక్ (ఇంటికి ఆనించి కట్టే బయటి అరుగు) ఫొటోలు చూశాను. రంగు, మెట్లు బాగానే కుదిరాయి. మిగతా డబ్బు ఈ వారమే ఇచ్చేయమని కాంట్రాక్టర్ అడుగుతున్నాడన్నావు. కాస్త ఆగు. మధ్యలో నడిస్తే ఊగుతోందని, ఒకచోట టకటక చప్పుడని నువ్వే రాశావుగా. "కాంపోజిట్ అంటే అంతేనండీ" అన్నాడట. అదేం కాదు. చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసిన సరుకు కాబట్టి చెక్క పలకంత గట్టిగా ఉండదు, నిజమే. అందుకే కదా కింద జాయిస్టులు, అంటే బోర్డుల్ని మోసే దూలాలు, దగ్గరగా వేయాలనేది! న్యూజెర్సీలో ఇన్నేళ్లుగా ఈ పనులు చూస్తున్నాను. పైన పటారం, లోన లొటారం అన్నట్టు ఉండే డెక్కులే ఎక్కువ.

ముందు టేపు, టార్చి పట్టుకుని కిందికి దూరు. ఒక జాయిస్టు మధ్య నుంచి పక్కదాని మధ్యకి 16 అంగుళాలు మించకూడదు. నువ్వు బోర్డులు ఏటవాలుగా వేయించావు కాబట్టి నీకు 12 కావాలి. అక్కడ 16 కనబడితే ఊగడానికి కారణం దొరికినట్టే. బోర్డు కంపెనీ ఇన్‌స్టలేషన్ గైడ్ కూడా దింపుకుని పక్కన పెట్టుకో. పాతికేళ్ల వారంటీ అని ఊరించినా అది సరుకులో లోపానికే. బిగింపు గైడ్ ప్రకారం లేకపోతే కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది.

ఇక టకటక సంగతి. నీ బోర్డుల అంచుల్లో గాడి ఉంది, బోర్డుని జాయిస్టుకి పట్టి ఉంచే క్లిప్పు అందులో దూరుతుంది. పైనుంచి సందులోకి టార్చి వేసి చూస్తే, ప్రతి జాయిస్టు మీదా ఒక క్లిప్పు కనబడాలి. ఒకటి విడిచి ఒకటి వేసే మహానుభావులున్నారు. చాలా రకాల క్లిప్పుల్లో స్క్రూని ముందు సగమే తిప్పి, తర్వాతి బోర్డు దూర్చాక పూర్తిగా బిగించాలి. హడావిడిలో ఒకటి మర్చిపోతే ఆ బోర్డు అడుగు పడినప్పుడల్లా లేచి పడుతుంది. చప్పుడొచ్చే చోట మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో నొక్కు, ఏ జాయిస్టు దగ్గరో తెలిసిపోతుంది. అక్కడ చాక్‌పీసుతో గీత పెట్టు.

బోర్డుకీ పక్క బోర్డుకీ మధ్య సందు చాలా కంపెనీలకి 3/16 అంగుళం. మూడు క్వార్టర్ నాణేలు (పాతిక సెంట్లవి) ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంతే మందం. అవి పట్టుకుని డెక్ అంతా తిరుగు.

నాకు అసలు టెన్షన్ బోర్డుల కొసల గురించే. ఈ సరుకు వేడికి పొడవునా సాగుతుంది. 16 అడుగుల బోర్డు చలికీ ఎండకీ మధ్య పావు అంగుళం దాకా తేలిగ్గా మారుతుంది. నీ డెక్ వేసింది నవంబరు చలిలో. అంటే కొసకీ కొసకీ మధ్య ఇప్పుడు సందు స్పష్టంగా కనబడాలి. గోరు కూడా దూరనంత బిగువుగా ఉంటే ఫొటోలో అందంగానే ఉంటుంది, జూలై ఎండకి ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి. అతుకు కింద ఎన్ని జాయిస్టులున్నాయో కూడా చూడు. జాయిస్టు వెడల్పు అంగుళంన్నరే. రెండు కొసలూ దాని మీదే ఆనితే ఒక్కోదానికి దక్కేది ముప్పావు అంగుళం. అక్కడ స్క్రూ దింపితే బోర్డు కొస చీలుతుంది. అతుకు కింద జంట జాయిస్టు ఉండాల్సిందే, ఈ విషయంలో మొహమాటపడకు.

అంచు బోర్డులకి పైనుంచి స్క్రూలు వేశారు కదా, వాటి తలల చుట్టూ వేలితో తడుము. పుట్టగొడుగులా ఉబ్బి తగిలితే మామూలు చెక్క స్క్రూలు వాడారన్నమాట. కాంపోజిట్‌కి వేరే మర ఉన్న స్క్రూలుంటాయి. తల లోతుగా దిగబడి గుంట పడినా తప్పే, నీళ్లు నిలుస్తాయి. స్క్రూల డబ్బా అడిగి చూడు. కింద ఫ్రేముకి వాడే ట్రీటెడ్ చెక్కలో (పుచ్చకుండా మందు పట్టించినది) ఇప్పుడు రాగి ఎక్కువ, మామూలు ఉక్కుని త్వరగా తినేస్తుంది. దానికి తగ్గ పూత ఉన్నవో, స్టెయిన్‌లెస్‌వో కావాలి.

కింద ఉన్నప్పుడే ఇంటి గోడకి బిగించిన లెడ్జర్ (జాయిస్టుల కొసల్ని మోసే దూలం) కూడా చూడు. బోల్టులో, అందుకు తగ్గ లావుపాటి స్క్రూలో కనబడాలి. ఒట్టి మేకులే ఉంటే అది సరిచేసేదాకా ఎవర్నీ డెక్ ఎక్కనివ్వకు. డెక్కులు కూలేది ఎక్కువగా అక్కడే.

టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ పాస్ చేశాడు కదా అంటాడు కాంట్రాక్టర్. ఆయన పునాదులు, ఫ్రేము, మెట్లు, రెయిలింగు చూస్తాడు, ఒక్కో క్లిప్పు లెక్కపెట్టడు. బోర్డుల రంగులో కాస్త తేడా, పైపొర లేచిపోవడం లాంటివి మాత్రం పాపం అతని తప్పు కాదు, వాటికి కంపెనీనే అడగాలి. బోర్డుల మీది లేబుళ్లు, రసీదులు పారేయకు.

చూసినవన్నీ గీతలతో సహా ఫొటోలు తీసి అతనికి ఈమెయిల్ పెట్టు, నోటిమాటగా వద్దు. సరిచేశాక మళ్లీ నడిచి చూసి, అప్పుడు చెక్కు రాయి. అల్లుడిని కిందికి పంపకు, నడుం నొప్పి అంటున్నాడుగా. నువ్వే దూరు, పాత బట్టలు వేసుకుని.

ఇట్లు,
మీ పెదనాన్న