ఏఈసీ 780 వస్తే అలర్జీ ముదిరినట్టేనా?

రక్త పరీక్షలో ఏఈసీ (రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల కణాల లెక్క) 780 వచ్చిందనీ, తుమ్ములు మాత్రం పొద్దున్న లేవగానే నాలుగైదు వచ్చి ఆగిపోతాయనీ, ఈ అంకెను బట్టి అలర్జీ తీవ్రమైందని అనుకోవాలా అనీ అడిగారు. అనుకోనక్కరలేదు. నేను వైద్యుణ్ణి కాను గానీ, ఏళ్ల తరబడి ఈ ముక్కుతో వేగుతున్న హైదరాబాద్ నాగోలు వాసిగా ఈ మాట గట్టిగానే చెబుతాను.

నాది మీకు పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి. వానలకు ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ ఏపుగా పెరిగి పూతకు వచ్చిందంటే, ముక్కు దిబ్బడతో రాత్రంతా నోటితోనే ఊపిరి తీసుకుంటాను. అలాంటి రోజుల్లో చేయించిన పరీక్షలో ఏఈసీ 310 వచ్చింది. సాధారణంగా హద్దుగా చెప్పే 500 కంటే బాగా తక్కువ. అది చూసి ఒక వైద్యుడు నాకు అలర్జీయే లేదని తేల్చేశారు. ఆ తర్వాత కలిసిన ఈఎన్‌టీ డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టి, నిద్ర ఎలా పడుతోంది, ఆఫీసు పని సాగుతోందా అని అడిగారు. ముక్కులోంచి దూదిపుల్లతో స్రావం తీయించి, గాజు పలక మీద పూసి రంగు వేయించాక, నన్నే సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. నారింజ ఎరుపు రేణువులతో నిండిన కణాలు గుంపులుగా కనిపించాయి. "ఇవే ఇసినోఫిల్స్. రక్తం వీటికి దారి మాత్రమే, ఇవి పని చేసేది ఇక్కడ" అన్నారాయన.

తుమ్ములు, దురద ముక్కు పొరలో ఉండే మాస్ట్ కణాలు విడుదల చేసే హిస్టమిన్ అనే రసాయనం వల్ల నిమిషాల్లో మొదలవుతాయి. ఇసినోఫిల్స్ కొన్ని గంటల తర్వాత ముక్కు పొరలోకి చేరి దిబ్బడను నిలబెడతాయి. హిస్టమిన్‌ను అడ్డుకునే సెటిరిజిన్ మాత్ర తుమ్ములను ఆపినంత బాగా దిబ్బడను తగ్గించలేకపోవడానికీ, దానికి స్టెరాయిడ్ స్ప్రే అవసరం కావడానికీ ఇదే ముఖ్య కారణం. పైగా కొంకిపురుగులు, బోదకాలు, ఉబ్బసం, కొన్ని మందులు కూడా రక్తంలో ఈ కణాలను పెంచుతాయి, స్టెరాయిడ్ మాత్రలు తగ్గిస్తాయి, ఒకే మనిషిలో ఉదయానికీ రాత్రికీ లెక్క మారుతుంది. ఇవేవీ చెప్పకుండా, పండగ ఆఫర్ ప్యాకేజీలో పరీక్ష చేసి, హద్దు దాటిన ప్రతి అంకెనూ నల్లగా అచ్చేసి వాట్సాప్‌లో పంపే మన ల్యాబుల పద్ధతి నాకు మహా చిరాకు.

ముక్కు అలర్జీ తీవ్రతను నిర్ణయించే ఆరియా (ARIA) అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు 2001లోనే నిద్ర, రోజువారీ పనులు, చదువు లేదా ఉద్యోగం, లక్షణాల ఇబ్బంది ఈ నాలుగింటినే చూడమన్నాయి. రక్తంలోని కణాల లెక్క అందులో లేదు. మీరు తుమ్ములు, కారడం, దురద, దిబ్బడలకు రోజూ 0 నుంచి 3 వరకు మార్కులు వేసి, రెండు వారాల కాగితం డాక్టరుకు చూపించండి. 780 సంగతికి మాత్రం, కొంకిపురుగులు ఉన్నాయేమో చూడటానికి మల పరీక్ష అవసరమా అని అక్కడే అడగండి.