ఎరుపు బాగుంది, ఆకుపచ్చా బాగుంది, మరి బోర్డెందుకు కనబడదు?

ప్రశ్న: కడపలో మాది సరుకుల అంగడి. పోయిన నెల 10 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఫ్లెక్సు కట్టించాం. ముదురు ఆకుపచ్చ మీద ఎర్రని అక్షరాలు, చుట్టూ మందంగా నల్ల అంచు. ‘శ్రీ వేంకటేశ్వర కిరాణా అండ్ జనరల్ స్టోర్స్’ అని పేరు, కింద ‘పప్పులు, నూనెలు’ అని ఇంకో వరుస. రోడ్డు అవతలి నుంచి ఏమీ తెలియట్లేదంటున్నారు. డబ్బు వృథా అయిందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఒక పని చేయండి. బోర్డును ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. అక్షరాలు వెనక రంగులో కలిసిపోతాయి, ఎందుకంటే మీ ఎరుపూ ఆకుపచ్చా రెండూ ముదురే. దూరం నుంచి చదివేటప్పుడు కంటికి కావలసింది రంగుల తేడా కన్నా వెలుగు నీడల తేడా. పైగా పొద్దుగూకే వేళ కంటికి ఎరుపే ముందు నల్లబడుతుంది, మీకు బేరాలు ఎక్కువుండేదీ అప్పుడే కదా. కడప రైల్వే స్టేషన్లో ఊరి పేరు బోర్డు చూడండి, పసుపు మీద నలుపు, కదిలే రైల్లోంచి కూడా చదువుకోవచ్చు. మన ఎండకు ఫ్లెక్సు మీద ఎరుపు, పసుపు ముందు వెలిసిపోతాయి, కానీ పసుపు వెలిసి తెల్లబడినా దాని మీద నల్ల అక్షరం నిలబడుతుంది.

ఇక అక్షరాల సంగతి. ‘స్టో’ ఒక్కటే చూడండి, పైన ఓత్వం, కింద ట వత్తు. అడుగు ఎత్తు అక్షరం అని ప్రింటింగ్ వాళ్లు అన్నారంటే అందులో వత్తులూ గుడులూ పోను అసలు అక్షరానికి మిగిలేది సగమే. 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అని బోర్డులు రాసేవాళ్లకు ఒక లెక్కుంది, తెలుగులో ఆ అంగుళాన్ని వత్తులు వదిలేసి కొలవాలి. నల్ల అంచు మందంగా వేస్తే ‘ప’కు తలకట్టు దగ్గరుండే సందు పూడిపోతుంది, ‘పప్పులు’ కాస్తా ‘వవ్వులు’ అవుతుంది. అంచు తీసేయించండి. ఖాళీ నింపడానికి అక్షరాన్ని అడ్డంగా సాగదీయనివ్వకండి, వత్తులు చదునైపోతాయి.

ఫాంటు కావాలంటే ‘రామభద్ర’ అడగండి, లావుగా ఉంటుంది, ఉచితం కూడా. మన ఒంటిమిట్ట వైపు వాడని చెప్పుకునే పాతకాలపు కవి అయ్యలరాజు రామభద్రుడి పేరే దానికి పెట్టారు.

అన్నిటికన్నా ముందు పేరు తగ్గించండి. ‘వేంకటేశ్వర అంగడి’ అంటే చాలు, ‘అంగడి’లో ఒక్క వత్తు కూడా లేదు, అందుకే ఎంత పెద్దగానైనా రాసుకోవచ్చు. ఫోన్ నంబరు కింద చిన్నగా వేయించండి, అది దగ్గరికొచ్చి చూసేవాళ్లకే. డబ్బిచ్చే ముందు తెల్ల కాగితాల మీద అంతే సైజులో పేరు ప్రింటు తీయించి, అంగడి మీద అతికించి, సాయంత్రం ఆరున్నరకు రోడ్డు అవతల నిలబడి చూడండి. మీ అమ్మగారినో నాన్నగారినో కూడా వెంట తీసుకెళ్లండి.